పాలు పడవు, పెరుగు పడుతుంది, కోవా అసలే పడదు: ఏది తినవచ్చో ఎలా తేల్చుకోవాలి?

నాగావళి_ఒడ్డు
మాది శ్రీకాకుళం. నాకు నలభై దాటాయి. కొన్నేళ్ళుగా పాలు తాగిన గంటా గంటన్నరలోపే కడుపు ఉబ్బి, గుడగుడలాడి, విరేచనమైతే గాని నెమ్మదించడం లేదు. పెరుగన్నం తింటే మాత్రం ఏమీ కాదు. పొద్దున్న ఒక కప్పు కాఫీ తాగితే ఫరవాలేదు, వెంటనే రెండోది తాగితే ఇబ్బంది మొదలవుతుంది. మందస కోవా రెండు మూడు బిళ్ళలు తిన్నానంటే ఆ పూటకు బయటికి వెళ్ళే ధైర్యం చేయలేను. చూపించుకున్నచోట "పాలు, పాలతో చేసినవి అన్నీ మానేయండి" అని ఒక్క మాట చెప్పి పంపించేశారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో పాలు మానితే ఎముకలు గుల్లబారిపోతాయనీ, గేదె పాలు వదిలి ఆవు పాలు తాగితే అన్నీ సర్దుకుంటాయనీ అంటున్నారు. అన్నీ పాల నుంచి వచ్చినవే అయినప్పుడు ఒకటి పడి మరొకటి పడకపోవడానికి కారణమేమిటి? నిజంగా అన్నీ మానవలసిందేనా? అనుభవం ఉన్నవారు, విషయం తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

వంశధార_రైతు
మీ పెద్దవాళ్ళు చెప్పినది సరైన మాటే. ప్యాకెట్ పాలు మాని, నాటు ఆవు పాలు తాగి చూడండి. వాటిలో ఉండేది ఏ2 అనే రకం పాల ప్రోటీన్. మా ఇంట్లో తరతరాలుగా ఆ పాలే తాగుతున్నాం, ఎవరికీ ఈ బాధ లేదు.

పోషకాహారం_విజయనగరం
నేను ఆహార సలహాలు ఇచ్చే వృత్తిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

నాగావళి గారు చెప్పిన లక్షణాలు పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడానికి సరిగ్గా సరిపోతున్నాయి. లాక్టోజ్‌ను రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు లోపలి పొరలో తయారవుతుంది. తల్లిపాలు తాగే వయసులో అది అందరికీ పుష్కలంగా ఉంటుంది, ఆ తరువాత ప్రపంచంలో ఎక్కువమందికి క్రమంగా తగ్గుతూ పోతుంది. పెద్దయ్యాక కూడా తగ్గకుండా ఉండటమే ఒక జన్యుమార్పు వల్ల వచ్చిన ప్రత్యేకత. మన దేశంలో ఆ మార్పు పశుపోషణే జీవనంగా గల సముదాయాల్లోను, ఉత్తరాదిన, పడమటివైపున ఎక్కువగాను, దక్షిణాన, తూర్పున తక్కువగాను కనిపిస్తుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2012లో దీన్ని ప్రచురించింది. కాబట్టి మన ప్రాంతంలో నలభై ఏళ్ళ మనిషికి పాలు పడకపోవడాన్ని జబ్బు అనుకోవలసిన పనే లేదు.

అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి వాయువులు పుట్టిస్తాయి. ఉబ్బరం, గుడగుడ వాటివల్లే. అరగని చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనం దానివల్ల. అసలు లెక్క ఎంత లాక్టోజ్ ఒక్కసారిగా లోపలికి వెళ్ళిందన్నదే. వంద మిల్లీలీటర్ల పాలలో ఇంచుమించు 5 గ్రాములు ఉంటుంది, పెద్ద గ్లాసులో 12 గ్రాములు. లాక్టేజ్ తక్కువగా ఉన్నవారిలో కూడా చాలామంది ఒక్క విడతలో ఆ 12 గ్రాములను, అందులోను భోజనంతోపాటు అయితే, పెద్ద బాధ లేకుండా తట్టుకుంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ హద్దు అంతకంటే తక్కువ కావచ్చు. కప్పు కాఫీలో పడే పాలు ఏ 70 మిల్లీలీటర్లో ఉంటాయి కనుక మొదటి కప్పు హద్దులోపల ఉండి, రెండోది దాన్ని దాటుతోంది.

వంశధార గారు చెప్పిన ఏ2 అనేది ప్రోటీన్‌కు సంబంధించిన విషయం. నాటు ఆవు పాలలోను, గేదె పాలలోను, సంకరజాతి ఆవు పాలలోను లాక్టోజ్ మాత్రం దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది.

వంశధార_రైతు
పాలన్నీ ఒకటే అంటే నేను ఒప్పుకోలేను. మా బంధువుల్లో ప్యాకెట్ పాలు పడనివారు మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవు పాలు నిశ్చింతగా తాగి వెళ్ళారు. కళ్ళతో చూసినదాన్ని ఎలా కాదనుకోమంటారు?

రాజాం_పాలకేంద్రం
నేను పాల సేకరణ కేంద్రంలో పని చేస్తున్నాను. రోజూ ప్రతి రైతు పాలకూ వెన్నశాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి ధర కడతాం. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే నీరు, వెన్న పోగా మిగిలే ఘనపదార్థం. ఆవు పాలలో అది ఎనిమిదిన్నర దగ్గర, గేదె పాలలో తొమ్మిది దగ్గర ఉంటుంది, అందులో సగానికి పైగా లాక్టోజే. వెన్నశాతమైతే ఆవుకూ గేదెకూ చాలా తేడా. మూడున్నర, నాలుగు ఉండే ఆవు పాలకు అలవాటుపడిన మనిషి ఏడు శాతం గేదె పాలు తాగితే బరువుగా అనిపించడం సహజం, ఆ బరువుకు కారణం మాత్రం వెన్న. అలాగే వెన్న తీసేసిన పాలలో లాక్టోజ్ తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. "పలుచని పాలు కదా" అని పడనివారికి వాటిని ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు.

ఏ2 అని రాసి ఎక్కువ ధరకు అమ్మడం గురించి ఒక మాట. 2024 ఆగస్టులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ రాతలు తొలగించమని ఆదేశించి, కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. అందుచేత ఆ మాట ఇప్పటికీ ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. దాన్ని చూసి కడుపు ఉబ్బరానికి మందు దొరికిందనుకోవద్దు.

టెక్కలి_మాస్టారు
కోవా సంగతి లెక్కతోనే తేలిపోతుంది. లీటరు గేదె పాలు మరిగించి దగ్గరపడేస్తే పావు కిలో లోపు కోవా దిగుతుంది. ఆవిరిగా పోయింది నీరు ఒక్కటే. లీటరు పాలలోని 50 గ్రాముల లాక్టోజూ ఆ ముద్దలోనే ఉండిపోతుంది. చక్కెర కలిపినందుకు కొంత తగ్గించి చూసినా రెండు మూడు బిళ్ళల్లో గ్లాసు పాలంత లాక్టోజ్ ఉన్నట్టే. నాగావళి గారి కడుపు చెప్పినదీ ఈ లెక్కే. పాలపొడి ఇంకా గాఢమైనది. వెన్న తీసిన పాలపొడిలో సగం బరువు లాక్టోజే. అందుకే పాలపొడితో చేసిన మిఠాయిలు, ఐస్‌క్రీములు పాల కంటే ఎక్కువ బాధపెడతాయి.

పాలు బాగా మరిగిస్తే, మిరియాలు పసుపు వేస్తే అరుగుతాయని నమ్మేవారు ఇక్కడ చాలామంది. మరిగితే లాక్టోజ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

ఇచ్ఛాపురం_వాసి
మాస్టారు గారి లెక్కకు రెండో వైపు మా ఊళ్ళో ఉంది. మేము ఒడిశా సరిహద్దున ఉన్నవాళ్ళం కనుక మా మిఠాయిల్లో సగం ఛెనాతో చేసినవే. కాగే పాలలో పుల్లటి విరుగుడు నీళ్ళు పోస్తారు. పాలు విరిగి ముద్దలు పైకి తేలగానే పలుచని గుడ్డలో పోసి మూటగట్టి వేలాడదీస్తారు. అడుగున పెట్టిన గిన్నెలోకి లేత ఆకుపచ్చ ఛాయగల తేట నీరు చుక్కచుక్కగా దిగుతుంది. లాక్టోజ్ నీటిలో కరిగేది, అందుకే అందులో ఎక్కువభాగం ఆ తేటతోనే వెళ్ళిపోతుంది. గుడ్డలో మిగిలే ఛెనాలో ప్రోటీన్, వెన్న ఎక్కువ, లాక్టోజ్ తక్కువ. మా అన్నయ్యకు పాలు బొత్తిగా పడవు, రసగుల్లాలు, ఛెనాపోడ మాత్రం హాయిగా తింటాడు. అదే ఛెనా ఉండలను చిక్కటి పాలలో నానబెట్టి రసమలైగా ఇస్తే తట్టుకోలేడు. పనీర్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.

గజపతినగరం_గృహిణి
అందరూ పెరుగు పడుతుందనే రాస్తున్నారు. నాకు పెరుగు కూడా పడటం లేదు. మా వారికి పడుతుంది, నాకు పడదు. మరి దీనికేమంటారు?

పోషకాహారం_విజయనగరం
గృహిణి గారూ, మీరు తినేది ఇంట్లో తోడు వేసిన పెరుగా, ప్యాకెట్ పెరుగా? తేడా ఉంటుంది. పెరుగు తోడుకునేటప్పుడు అందులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో ఇంచుమించు పావు వంతును లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మిగతా ముప్పావు పెరుగులోనే ఉంటుంది. అయినా చాలామందికి పడటానికి కారణం మరొకటి ఉంది. ఆ సూక్ష్మజీవుల దగ్గర లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది, అవి పేగుల్లోకి వెళ్ళాక కూడా ఆ పని చేస్తాయి. పైగా పెరుగు చిక్కగా ఉండి కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. కొన్ని ప్యాకెట్ పెరుగుల్లో గట్టిదనం కోసం పాలపొడి కలుపుతారు, వాటిలో లాక్టోజ్ ఎక్కువ ఉంటుంది. అప్పుడే తోడుకున్న తియ్యటి పెరుగు కప్పుల కొద్దీ తిన్నా హద్దు దాటిపోవచ్చు.

ఇంట్లో తోడు వేసి, బాగా పులిసిన తరువాత, మూడు వంతుల నీళ్ళు పోసి కవ్వంతో చిలికిన మజ్జిగగా భోజనంలో తీసుకుని చూడండి. అలా చిలికిన గ్లాసు మజ్జిగలో లాక్టోజ్ రెండు గ్రాములకు అటూఇటూ మాత్రమే ఉంటుంది. దానికీ బాధ వస్తే లాక్టోజ్ మీద అనుమానం వదిలి వేరే కారణం వెతకాలి. పేగులు సున్నితంగా ఉండే ఐబీఎస్ వంటి సమస్యలో ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, గోధుమ కూడా ఇలాగే ఉబ్బరం తెస్తాయి, నింద మాత్రం పెరుగు మీద పడుతుంది.

చోడి_అంబలి
మజ్జిగ పులుసు సంగతి ఏమిటి? కాచేటప్పుడు ఆ మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి కదా?

పోషకాహారం_విజయనగరం
చచ్చిపోతాయి, పేగులో వాటి సాయం ఉండదు. అయినా పలుచని మజ్జిగతో పెట్టిన పులుసును అన్నంలో కలుపుకొని తింటారు కనుక మోతాదు తక్కువే, చాలామందికి ఇబ్బంది రాదు.

బొబ్బిలి_తల్లి
ఇక్కడ అందరూ లాక్టోజ్ గురించే మాట్లాడుతున్నారు, చదివే తల్లిదండ్రులెవరైనా ఉంటే మరో విషయం తెలుసుకోవాలని రాస్తున్నాను. మా అబ్బాయికి ఉన్నది లాక్టోజ్ ఇబ్బంది కాదు, పాల ప్రోటీన్ అలర్జీ. ఏడాది లోపు వయసులో పోతపాలు పట్టిన కొద్ది నిమిషాలకే మొహం మీద దద్దుర్లు లేచి, పెదవులు వాచి, పిల్లికూతలు మొదలయ్యాయి. ఇది వేరే సంగతి. ఇక్కడ గ్రాముల లెక్క పనికిరాదు, చెంచాడు కూడా ప్రమాదమే.

తెలిసినవారంతా "మేకపాలు పట్టండి, పసిపిల్లలకు అవే మంచివి" అని సలహా ఇచ్చారు. ఆవు పాల ప్రోటీన్ పడని పిల్లల్లో తొంభై శాతానికి పైగా మేకపాలు కూడా పడవని, గేదె పాలదీ అదే పరిస్థితి అని పిల్లల వైద్యురాలు చెప్పి ఆపించారు. మీరు పైన రాసిన పెరుగు, ఛెనా, పనీర్ ఏవీ వాడికి పనికిరావు, ఎందుకంటే వాటిలో ప్రోటీన్ అలాగే ఉంటుంది. నెయ్యి సైతం వైద్యుల సలహా లేకుండా వేయం. శుభకార్యాలకు వెళ్ళినప్పుడు నా భయమంతా గరిటె గురించే. పాయసం వడ్డించిన గరిటెనే పులిహోర గిన్నెలో పెడతారు, అందుకని వాడి భోజనం ఇంటి నుంచే పట్టుకెళ్తాను. దయచేసి ఎవరూ "ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది" అని పిల్లవాడి నోట్లో పెట్టవద్దు.

వంశధార_రైతు
బొబ్బిలి గారు రాసినది చదివాక మనసు కలుక్కుమంది. మా వీధిలో చంటిపిల్లలున్న ఇళ్ళకు మేకపాలు పంపిస్తూ ఉంటాం. ఇకమీదట ముందు అడిగి తెలుసుకుని పంపిస్తాను. పెద్దయ్యాక ఆ అలర్జీ పోతుందా?

బొబ్బిలి_తల్లి
ఎక్కువమంది పిల్లలకు బడి వయసులోనో, ఆ తరువాతో తగ్గిపోతుందని చెప్పారు. కొందరు పిల్లలు కేకులో బాగా కాలిన పాలను ముందుగా తట్టుకోగలుగుతారు, ఆ ప్రయత్నం మాత్రం ఆసుపత్రిలో వైద్యుల కళ్ళెదుటే జరగాలి, ఇంట్లో చేయకూడదు. ప్యాకెట్ తినుబండారాల మీద పాలు ఉన్నట్టు ప్రకటించాలని 2020 నాటి లేబులింగు నిబంధనల్లో ఉంది. బిస్కెట్, బ్రెడ్, చాక్లెట్ ఏది కొన్నా ఆ చిన్న అక్షరాలు చదవకుండా కొనను.

పాలకొండ_మెడికల్స్
మందుల దుకాణంలో మేము తరచు చూసేది ఇంకొకటి. విరేచనాలు పట్టుకుని తగ్గిన తరువాత, పేగు పొర దెబ్బతిని ఉండటం వల్ల, అంతకుముందు పాలు బాగా పడినవారికి కూడా కొన్ని వారాలపాటు పడవు. అది తాత్కాలికం. అప్పటికి పాలు ఆపి, పెరుగు, మజ్జిగతో నడిపిస్తే మళ్ళీ మామూలవుతుంది. చంటిపిల్లలకు మాత్రం విరేచనాల సమయంలో తల్లిపాలు ఆపకూడదు.

లాక్టేజ్ మాత్రలు దొరుకుతాయి. పెళ్ళి భోజనానికో, విందుకో వెళ్ళినప్పుడు మొదటి ముద్దతోపాటే వేసుకోవాలి. తిన్న గంట తరువాత వేసుకుంటే ఉపయోగం ఉండదు. అలర్జీ ఉన్నవారికి ఇవి ఏమాత్రం రక్షణ కావు.

నాగావళి_ఒడ్డు
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. జున్ను గురించి కూడా చెప్పండి. మా వీధిలో ఆవు ఈనితే జున్నుపాలు పంచుతారు, కాదనలేను. నెయ్యి, వెన్నల సంగతి కూడా తెలియాలి. పరీక్ష చేయించుకోవడం అవసరమా?

రాజాం_పాలకేంద్రం
ఈనిన తొలిపూట పాలలో ప్రోటీన్ చాలా ఎక్కువ, లాక్టోజ్ మామూలు పాల కంటే తక్కువ. రోజులు గడిచేకొద్దీ మామూలు పాల స్థాయికి వస్తాయి. జున్ను వండేటప్పుడు గట్టి జున్నుపాలలో మామూలు పాలు కలుపుతారు కనుక మొత్తంమీద తేడా పెద్దగా మిగలదు. ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టండి. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే లెక్క, వెన్నలో అతి కొద్దిగా ఉంటుంది. వెన్న కాచాక అడుగున మాడే గసిలో మాత్రం ప్రోటీన్, లాక్టోజ్ మిగిలి ఉంటాయి. పిల్లలు దానిలో అన్నం కలుపుకుని తింటారు, అలర్జీ ఉన్న ఇంట్లో అది పనికిరాదు.

పోషకాహారం_విజయనగరం
పరీక్ష అంటే హైడ్రోజన్ శ్వాస పరీక్ష. పరగడుపున 25 లేదా 50 గ్రాముల లాక్టోజ్ నీళ్ళలో కలిపి తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ ఎంత పెరుగుతోందో కొన్ని గంటలపాటు కొలుస్తారు. 20 పీపీఎం (పది లక్షల్లో 20 భాగాలు) పెరిగితే అరగడం లేదని అర్థం. అది అందుబాటులో లేనిచోట ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు వారాలు పాలు, కోవా, ఐస్‌క్రీము, పాలపొడి వేసిన బిస్కెట్లు మొత్తంగా ఆపండి. లక్షణాలు తగ్గితే, అప్పుడు భోజనంతోపాటు పావు కప్పు పాలు మొదలుపెట్టి, రెండు మూడు రోజులకు ఒకసారి కొద్దికొద్దిగా పెంచుతూ మీ హద్దు ఎక్కడుందో గుర్తించండి. రోజూ కొద్దిగా తీసుకుంటూ ఉంటే పెద్దపేగు సూక్ష్మజీవులు అలవాటుపడి, హద్దు కొంత పెరిగేవారు కూడా ఉన్నారు. మొత్తం మానేయమని అందరికీ చెప్పడం అందుకే నాకు నచ్చదు.

అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం ఉంటే ఈ ప్రయోగాలన్నీ పక్కనపెట్టి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. అవి లాక్టోజ్ లక్షణాలు కావు.

కళింగపట్నం_తీరం
ఎముకల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో పాలు తాగేవారు తక్కువ. నెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం, ఎండబెట్టినవైతే ఏడాదంతా ఉంటాయి. కాల్షియం ఆ ముళ్ళలోనే ఉంటుంది కదా.

చోడి_అంబలి
చోడి (రాగి) పిండి సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫారసు. వంద గ్రాముల చోడిలో 350 మిల్లీగ్రాముల దాకా, అంతే నువ్వుల్లో వెయ్యికి పైన ఉంటుంది. మునగాకు కూడా మంచిదే. ఉదయం చోడి అంబలిలో పలుచని మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకుని తాగితే రెండు పనులూ అవుతాయి.

పోషకాహారం_విజయనగరం
అంబలి మాట సరైనదే. అంబలి కోసం పిండిని ముందురోజు నానబెట్టి పులియబెట్టడం వల్ల చోడిలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం తగ్గి, కాల్షియం ఒంటికి పట్టడం మెరుగుపడుతుంది. ఒక్క విషయం మరువకూడదు. చేపలు, గుడ్లు తినేవారికి ఫరవాలేదు గాని, శాకాహారులకు బీ12 అందేది ప్రధానంగా పాలు, పెరుగుల నుంచే. చోడిలో, నువ్వుల్లో అది లేదు. శాకాహారులు పెరుగుతో సహా అన్నీ మానేస్తే కొన్నేళ్ళకు నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు మొదలు కావచ్చు. వారు పెరుగు వదలకుండా ఉండటమో, వైద్యులను అడిగి బీ12 మాత్ర వేసుకోవడమో చేయాలి.

గజపతినగరం_గృహిణి
ఇంటి పెరుగుతో పలుచని మజ్జిగ చేసి చూస్తాను, ఇన్నాళ్ళూ మేము కొంటున్నది ప్యాకెట్ పెరుగే. ఇంకొకటి అడగాలి. మా అత్తగారికి షుగర్ ఉంది, పాలు కూడా పడవు. లాక్టోజ్ లేని పాలని డబ్బాలో అమ్ముతున్నారు, మేము తెచ్చి చూస్తే తియ్యగా ఉన్నాయి. చక్కెర కలిపారేమోనని ఆవిడ తాగడం లేదు.

టెక్కలి_మాస్టారు
చక్కెర కలపలేదు. లాక్టేజ్ ఎంజైమ్ వేసి లాక్టోజ్‌ను ముందే గ్లూకోజ్, గాలాక్టోజ్‌లుగా విడగొడతారు. లాక్టోజ్ కంటే అవి నాలుకకు ఎక్కువ తియ్యగా తగులుతాయి. మొత్తం చక్కెర మోతాదు మామూలు పాలలో ఎంతో ఇందులోనూ అంతే. నాకూ షుగర్ ఉంది, సాయంత్రం టీలో వాటినే వాడుతున్నాను. మీ అత్తగారిని రోజు లెక్కలో మామూలు పాలు ఎన్ని తాగేవారో అంతవరకే తాగమనండి, తాగిన తరువాత ఒకసారి షుగర్ చూసుకుంటే వారికే ధైర్యం వస్తుంది. ఆ పాలను గోరువెచ్చగా చేసి ఇంటి తోడు వేస్తే పెరుగు కూడా బాగానే తోడుకుంటుంది.